ఇంటి ప్రతిపక్షం

శాసనసభలో కొత్త సభాపతిని ఎన్నుకున్న రోజున ఆయన తనంతట తాను నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చోకూడదు. సభా నాయకుడు ఒక చెయ్యి, ప్రతిపక్ష నాయకుడు రెండో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాలి. ఆయన కాస్త వెనక్కి లాగాలి. ఆ పదవి కోసం ఎక్కని గుమ్మం, దిగని గుమ్మం లేకపోయినా సరే, ఆ నాలుగడుగులూ మాత్రం మొహమాటపడుతూ నడవాలి. ఎంత మొహమాటపడాలన్నది మా విభాగం చూసుకుంటుంది.

నేను సభ సచివాలయంలో సంప్రదాయాల విభాగం అధికారిని. విభాగంలో నేనూ, ఒక బీరువా, ఆ బీరువా తాళం ఎక్కడుందో తెలియదని చెప్పడానికి ఒక గుమాస్తా ఉంటాం. ఎవరొస్తే ఎవరు లేవాలి, ఎవరికి ఎంత వంగాలి, సంతాప తీర్మానంలో పోయినాయన్ని ఎంతవరకు పొగడవచ్చు, ఇలాంటివి మేం తేలుస్తాం. చట్టాలు మారతాయి, ప్రభుత్వాలు మారతాయి. మా విభాగానికి ఆ బెడద లేదు.

మొన్నటి ఎన్నికల తరువాత ఉప్పలూరి భీమేశ్వరరావు గారు సభాపతి అయ్యారు. ఆయన్ని కుర్చీ దాకా నడిపించడం చక్కగా జరిగింది. వెనక్కి లాగడంలో ఆయన చూపిన నైపుణ్యం చూసి పాత సభ్యులు కూడా మెచ్చుకున్నారు. గ్యాలరీలో కూర్చున్న ఆయన భార్య సీతామహాలక్ష్మి గారికి మాత్రం అది నచ్చలేదు. సాయంత్రం సభాపతి గదిలోకి నేను ఏదో సంతకం కోసం వెళ్ళేసరికి ఆవిడ మాట్లాడుతున్నారు.

"పెళ్ళినాడు పట్టుకున్న చెయ్యి. ఇన్నేళ్ళలో నలుగురిలో ఒక్కసారి పట్టుకోనిచ్చారా? ఎవరన్నా చూస్తారంటారు. మరి ఇవాళ రాష్ట్రమంతా చూసింది కదా. వాళ్ళిద్దరూ ఎవరండీ మీకు, తలో చెయ్యీ పట్టుకుని ఊరేగించడానికి? అందులో ఒకాయన నిన్నటిదాకా మిమ్మల్ని టీవీలో తిట్టినాయనేగా."

సభాపతి గారు నా వంక చూశారు. ఇంట్లో ఇరుక్కున్నప్పుడు పెద్దవాళ్ళు కింది ఉద్యోగుల వంక అలా చూస్తారు.

"కుటుంబంతో పంచుకోని సంప్రదాయం సంప్రదాయం ఎలా అవుతుందయ్యా," అన్నారు. "ఎక్కడైనా వీలుందేమో చూడు."

చూశాను. వీలు లేదని ఎక్కడా లేదు. మా నియమావళిలో కూడదని రాయనిదల్లా కూడుతుంది, అడిగేవారి కుర్చీ ఎత్తును బట్టి. తరువాతి సమావేశాల మొదటి రోజున సభాపతి గారిని ఆయన భార్య ఒక చెయ్యి, బావమరిది ఒక చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా నడిపించారు. సీతామహాలక్ష్మి గారు పట్టుచీర కట్టుకున్నారు. ఫొటో అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో పడింది. ప్రజాస్వామ్యం వంటింటిని పలకరించిందని ఒక పత్రిక సంపాదకీయం రాసింది. అర్థం ఏమిటో నాకు తెలియలేదు గానీ, చదవడానికి బాగుంది.

ఆ మర్నాటికే సభ్యులకు ఒళ్ళు మండింది. సభాపతికేనా కుటుంబం, మేం చెట్టుకు కాశామా అని రెండు పక్షాలవాళ్ళూ కలిసి నోటీసిచ్చారు. సభాపతి గారి అధ్యక్షతన నియమావళి సంఘం సమావేశమైంది. ప్రతి సభ్యుడినీ కుటుంబ సభ్యులిద్దరు చేతులు పట్టుకుని అతని సీటు దాకా నడిపించాలన్న ప్రతిపాదన అయిదు నిమిషాల్లో అయిపోవలసింది. ప్రతిపక్ష నాయకుడు లేచారు.

"అధ్యక్షా, సంప్రదాయమంటే చెయ్యి పట్టుకోవడం కాదు. ఎవరు పట్టుకున్నారన్నది ముఖ్యం. ఒక చెయ్యి పాలకపక్షానిది, ఒక చెయ్యి ప్రతిపక్షానిది అయి ఉండాలి. మొన్న తమరిని నడిపించిన ఇద్దరూ తమరి పక్షమే. ఇది ప్రతిపక్షం గొంతు నొక్కడమేనని మనవి చేస్తున్నాను."

"సభ్యుల ఇళ్ళల్లో ప్రతిపక్షాన్ని ఎక్కణ్ణించి తెమ్మంటారు?" అన్నారు శాసనసభా వ్యవహారాల మంత్రి.

"ప్రతి ఇంట్లోనూ ఉంది అధ్యక్షా. గుర్తింపు లేదు, అంతే."

ఆ మాటకు సంఘంలో అందరూ తలలు దించి కాగితాలు తిరగేశారు. ఒక్కొక్కరూ ఎవరి ఇంటిని వారు తలుచుకున్నట్టున్నారు. కాసేపటికి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఈ సభ కాలంలో రెండు పక్షాలూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.

నియమం నేనే రాశాను. చెప్పుకోకూడదు గానీ, అంత మంచి వాక్యాలు నా సర్వీసులో ఇంకెప్పుడూ పడలేదు. "ప్రతి సభ్యుడును తన కుటుంబమునకు చెందిన ఇరువురిచే, అందొకరు సదరు సభ్యుని సమర్థించువారును వేరొకరు వ్యతిరేకించువారును అయి, చేతులు పట్టి ఆసనము వరకు నడిపింపబడవలెను" అన్నది మొదటి భాగం. ఆడవాళ్ళూ పెద్దవాళ్ళూ వస్తారు, వాళ్ళని మన మార్షల్స్ త్వరగా కానివ్వమని తొందరపెడితే మర్యాదగా ఉండదని నాకు అనిపించింది. అందుకని రెండో భాగం చేర్చాను. "చేయి విడుచు పర్యంతము నడిపించుట ముగియనట్లే భావింపవలెను. అది ముగియు పర్యంతము నడిపించువారిని ఎవరును ఆటంకపరచరాదు. సభ ఇతర వ్యవహారమేదియు చేపట్టరాదు." న్యాయశాఖ వాళ్ళు కామా ఒకటి మార్చి పంపించారు.

వ్యతిరేకించేవారు నిజంగా వ్యతిరేకులేనని ఎలా తెలుస్తుంది? దొంగ ప్రతిపక్షాలు వస్తే? అందుకు సభ గుమ్మం దగ్గర చిన్న పరీక్ష పెట్టాం. మార్షల్ వీరభద్రం పోలీసు శాఖలో పెద్ద గొంతుతో పైకొచ్చినవాడు. నడిపించడానికి వచ్చిన ఇద్దరినీ అతను ఒకే ప్రశ్న అడుగుతాడు: "ఈ సభ్యుడు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటారా?" ఒకరు నిలబెట్టుకుంటారని, ఒకరు నిలబెట్టుకోరని అనాలి. అప్పుడే తలుపు తెరుస్తారు. ఇద్దరూ నిలబెట్టుకుంటారంటే ప్రతిపక్షం లేనట్టు. ఇద్దరూ నిలబెట్టుకోరంటే పాలకపక్షం లేనట్టు. ఏదైనా సభ్యుడు లాబీలో కూర్చోవలసిందే.

మొదటి రోజు లాబీ పెళ్ళివారి విడిదిలా ఉంది. వ్యవసాయ మంత్రి భార్యనీ కొడుకునీ తెచ్చారు. మార్షల్ ప్రశ్న పూర్తి కాకుండానే ఇద్దరూ ఒక్క గొంతుతో నిలబెట్టుకోరన్నారు. మంత్రిగారు సోఫాలో కూర్చుని పక్క జిల్లాలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశారు, కారు పంపిస్తాను, ఒక్క మాట అనేసి వెళ్ళిపోదువుగాని రమ్మని. చెల్లెలు, ముందు నా పొలం గట్టు సంగతి తేల్చు, తరువాత వస్తానంది. ఆయన సాయంత్రం దాకా లాబీలోనే ఉన్నారు.

పెళ్ళి కాని సభ్యులకూ, ఉన్నవాళ్ళందరితోనూ మాటలు లేని సభ్యులకూ చిక్కొచ్చింది. ప్రభుత్వం వెంటనే స్పందించి సమీప బంధువుల సరఫరాకు టెండర్లు పిలిచింది. ఒక ఏజెన్సీకి దక్కింది. సమర్థించే మేనమామ ఒక ధర, వ్యతిరేకించే పెదనాన్న ఒక ధర. వ్యతిరేకించేవారికి ధర తక్కువ, ఎందుకంటే జనంలో వాళ్ళు తేలిగ్గా దొరికారు.

సభా నాయకుడైన ముఖ్యమంత్రి గారి ఇబ్బంది వేరు. ఆయన వెంట బంధువులు నాలుగు బస్సుల్లో వచ్చారు, నిలబెట్టుకోరు అనేవాడు ఒక్కడు లేడు. రాష్ట్ర పాలన గుమ్మంలో ఆగిపోయింది. చివరికి పాలకపక్షం విప్ గారు వచ్చి, ఆయన తమ్ముణ్ణి పక్కకు తీసుకెళ్ళి, పార్టీ ఆదేశమని చెప్పారు. తమ్ముడు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి, "అన్నగారు మాట నిలబెట్టుకోరు" అని తలుపు తెరవగానే అన్నగారి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆ సాయంత్రమే అతని కార్పొరేషన్ చైర్మన్ పదవి ఊడింది. అలవాటులో జరిగిపోయిందని, ఎవరూ ఏమీ అనుకోవద్దని ఆ తరువాత అన్నగారి ఆఫీసు నుంచి చెప్పారు.

తలుపు తెరుచుకున్నవాళ్ళందరూ లోపలికొచ్చి కూర్చునేసరికి భోజనాల వేళయింది. సభ మధ్యాహ్నానికి వాయిదా పడింది. మధ్యాహ్నం మళ్ళీ నడిపించడం మొదలైంది. సభ్యుల హాజరు ఎన్నడూ లేనంత బాగుందని బులెటిన్‌లో రాశాను. అది నిజమే. లాబీలో ఉన్నవాళ్ళని కూడా కలిపాను.

ఆ లాబీలోనే నాకు పైల నూకరాజు కుటుంబం పరిచయమైంది. నూకరాజు ఉత్తరాంధ్ర నుంచి మొదటిసారి గెలిచినాయన, పాలకపక్షం. నెమ్మదైన మనిషి. ఎవరేం చెప్పినా తల ఊపుతాడు, అందువల్లే టికెట్టు వచ్చిందని అంటారు. సమర్థించడానికి తల్లి పోలమ్మనీ, వ్యతిరేకించడానికి భార్య పైడితల్లినీ తెచ్చుకున్నాడు. మొదటి రోజు మార్షల్ అడిగితే పోలమ్మ, "మా నాయిన మాటంటే మాటే బాబూ" అంది. పైడితల్లి సిగ్గుపడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నిలబెట్టుకోరంట" అంది. ఏజెన్సీ మనిషి కూడా అంతకన్నా బాగా అనేవాడు. కానీ నియమానికి సరిపోయింది.

వరసలో నిలబడ్డప్పుడు ఆమె నన్ను ఒక మాట అడిగింది. "బాబూ, మీరు సభలోనే ఉంటారు గదా. మా ఎర్రగెడ్డ వంతెన సంగతి మంత్రిగారు ఏటి సెప్పినారో మీకేటైనా తెలుసునా? మా ఆయన రెండుమార్లు అడిగినారంట. మంత్రిగారు జవాబే సెప్పనేదంట."

ఎర్రగెడ్డ ఆమె పుట్టింటికీ అత్తింటికీ మధ్య పారే వాగు. దాని మీద వంతెన కట్టి చాలా ఏళ్ళయింది. మంచి వంతెన. దానిమీదికి ఎక్కడానికి మాత్రం దారి లేదు, ఈవైపూ లేదు, ఆవైపూ లేదు. వంతెన కట్టిన శాఖ ఒకటి, దారి వెయ్యవలసిన శాఖ ఒకటి. గెడ్డ మధ్యలో అది మేడలా నిలబడి ఉంది. ఊళ్ళవాళ్ళు రెండు చివర్లా వెదురు నిచ్చెనలు వేసుకున్నారు. వానాకాలం గెడ్డ పొంగితే ఆ నిచ్చెనెక్కి, వంతెన మీద నడిచి, ఆవైపు నిచ్చెన దిగాలి.

"పోయినేడు మా యమ్మ కాలు జారి పడిపోనాది. తుంటి ఇరిగింది. ఆస్పత్రికి తేవాల గదా. నులకమంచానికి నాలుగుపక్కలా మోకులు కట్టి, వంతెన మీంచి దింపినారు. మధ్యలో మంచం ఓ పక్కకి ఒరిగిపోనాది. అమ్మ అరుస్తంటే నాను కిందన నిలబడి ఉన్నాను. ఏటి సెయ్యగలను? పైకి సూస్తా ఉన్నాను."

ఆమె మామూలుగానే చెప్పింది, ఏడవలేదు. నాకే ఆ పూట క్యాంటీన్‌లో అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ రెండుసార్లూ ఏం జరిగిందో నాకు తెలుసు. ఆ ప్రశ్న పిలిచినప్పుడు సభ్యుడు సభలో లేడు. అడిగేవాడు లేని ప్రశ్న మురిగిపోతుంది. సొంత పక్షం సభ్యుడు మంత్రికి ఇబ్బందయిన ప్రశ్న వేస్తే విప్ గారు సరిగ్గా ఆ వేళకు వచ్చి భుజమ్మీద చెయ్యి వేసి కాఫీ తాగుదాం రమ్మంటారు. ఆ కాఫీ మీద సభ ఖర్చు ఏడాదికేడాది పెరుగుతోంది. అయినా అది నా విభాగం కాదు. తెలియదమ్మా అన్నాను.

మూడోసారి ఆ ప్రశ్న గురువారం నాటి జాబితాలో మొదటిదిగా వచ్చింది. ముందునాడు జాబితా ఇవ్వడానికి విప్ గారి గదికి వెళ్ళేసరికి నూకరాజు అక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి వాళ్ళు మాట ఆపలేదు. సెక్షన్ అధికారులను మనుషుల్లో లెక్కవెయ్యకపోవడం మా సభలో చాలా పాత సంప్రదాయం.

"రేపు కాఫీ కూడా అక్కర్లేదు నూకరాజూ," అన్నారు విప్ గారు. "మీ ఆవిణ్ణి కూడా నిలబెట్టుకుంటారనే అనమను. ఇంట్లో ప్రతిపక్షం లేదని వీరభద్రం గుమ్మంలోనే ఆపేస్తాడు. ప్రశ్న దానంతటది మురిగిపోతుంది. నీ మీద మాట రాదు, మంత్రిగారి మీద మాట రాదు. పైగా అన్యోన్య దంపతులని పేపర్లో వేస్తారు."

నూకరాజు తల ఊపాడు. ఊపేముందు కొంచెం ఆలస్యం చేశాడని చెప్పాలి. అతను చెడ్డవాడు కాదు. మంత్రిగారికి కోపం వస్తే వచ్చేసారి టికెట్టు రాదని భయం. ఆ భయం లేనివాళ్ళు ఆ భవనంలో నాకు తెలిసి ఎవరూ లేరు.

గురువారం పొద్దున్న నేను గుమ్మం దగ్గర జాబితాతో నిలబడి ఉన్నాను. నూకరాజు వంతు వచ్చింది. తల్లి ఒక చెయ్యి, భార్య ఒక చెయ్యి పట్టుకున్నారు. పైడితల్లి ఏదో ఆలోచిస్తున్నట్టుంది. నా దగ్గరికి రాగానే అడిగింది.

"ఈవేళ సభలో ఏటి పని బాబూ? నన్ను కూడా నిలబెట్టుకుంటారని సెప్పమంటన్నారు. రోజూ అడగనిది ఈవేళెందుకో."

జాబితా రహస్యమేమీ కాదు. అడిగినవారికి చెప్పకూడదని ఏ నియమంలోనూ లేదు. "మొదటి ప్రశ్న మీవారిదేనమ్మా," అన్నాను. "ఎర్రగెడ్డ వంతెనకు దారి ఎప్పుడు వేస్తారన్నది."

"మరి ఈయన లోపలికెల్లకపోతే?"

"మురిగిపోతుందమ్మా."

"ముందర రెండుమార్లు?"

"మురిగిపోయిందమ్మా. కాఫీకి వెళ్ళారు."

పైడితల్లి భర్త మొహంలోకి చూసింది. అతను గుమ్మం మీదున్న రాష్ట్ర చిహ్నాన్ని చూస్తున్నాడు. అంతకుముందు ఎప్పుడూ అంత శ్రద్ధగా దాన్ని ఎవరూ చూసి ఉండరు.

"రండి, రండి," అని వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. "ఈ సభ్యుడు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటారా?"

"మా నాయిన మాటంటే మాటే బాబూ," అంది పోలమ్మ.

వీరభద్రం పైడితల్లి వైపు తిరిగాడు. కాస్త దూరంలో విప్ గారు గోడకానుకుని నిలబడి, సగం నవ్వుతూ చూస్తున్నారు. ఆమె భర్త ముంజేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. మొదటిరోజు సిగ్గు లేదు, చెంగూ అడ్డం రాలేదు.

"నిలబెట్టుకోరు," అంది.

అంతకంటే నిజమైన మాట ఆ గుమ్మంలో ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పింది కాబట్టి నియమం ప్రకారం తలుపు తెరుచుకుంది. నూకరాజు వెనక్కి లాగాడు. సభాపతి గారిలా కాదు, నిజంగానే లాగాడు. ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి అతన్ని లోపలికి తీసుకెళ్ళారు.

సీటు దగ్గర పోలమ్మ చెయ్యి వదిలేసి, కొడుకు తల నిమిరి, గ్యాలరీలోకి వెళ్ళి కూర్చుంది. పైడితల్లి వదల్లేదు. అతను కూర్చున్నాడు, ఆమె పక్కన నిలబడింది. సభ నిండింది. గంట మోగింది. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"అమ్మా, ఇంక చెయ్యి వదలవచ్చు," అన్నారు సభాపతి గారు.

"ఒగ్గుతానండి. ఈయన ఆ ప్రశ్న అడగాల, మంత్రిగారు జవాబు సెప్పాల. అప్పుడు ఒగ్గుతాను."

శాసనసభా వ్యవహారాల మంత్రి లేచి, ఆమెను బయటికి పంపించమన్నారు. సభాపతి గారు మార్షల్ వైపు చూశారు, మార్షల్ నా వైపు చూశాడు. నేను నియమం తీసి సభాపతి గారికి అందించాను. నడిపించువారిని ఎవరును ఆటంకపరచరాదు. అయితే సభను వాయిదా వెయ్యండి అన్నారెవరో. వాయిదా కూడా వ్యవహారమే. నడిపించుట ముగియు పర్యంతము సభ ఇతర వ్యవహారమేదియు చేపట్టరాదు. నియమాన్ని రద్దు చేద్దామన్నారు ప్రతిపక్ష నాయకుడు. రద్దు ఇంకా పెద్ద వ్యవహారం. సభ అంటే అంతమంది కూర్చున్న ఒక గది అయిపోయింది. ఏమీ చెయ్యలేరు, ఇంటికి వెళ్ళలేరు. ఎవరో ఫ్యాను వెయ్యమన్నారు. అది వ్యవహారం కిందికి వస్తుందా అని గుమాస్తా నన్నడిగాడు.

అలా చాలాసేపు గడిచింది. క్యాంటీన్ నుంచి పులిహోర పోపు వాసన రావడం మొదలైంది. మా సభ్యులు దేన్నైనా ఓర్చుకుంటారు గానీ దాన్ని ఓర్చుకోలేరు.

సభాపతి గారు నన్ను దగ్గరికి పిలిచారు. "ఏదో ఒక దారి చెప్పవయ్యా. ప్రశ్న అడగనిద్దామంటే అది కూడా ఇతర వ్యవహారమే కదా."

నా సర్వీసులో నేను ఎవరి పక్షమూ తీసుకోలేదు. కానీ నాకు ఆ నులకమంచం గుర్తొచ్చింది. ఆ మంచం కింద నిలబడి పైకి చూస్తున్న మనిషి గుర్తొచ్చింది. ఒళ్ళు మండింది. "ఇతర వ్యవహారం కాదండీ," అన్నాను. "సభ్యుణ్ణి ఆసనం దాకా నడిపించడమంటే కుర్చీ దాకా అని మాత్రమే కాదు. ఆ ఆసనంలో కూర్చుని చెయ్యవలసిన పని దాకా అని కూడా. అతను ఇంకా అక్కడికి చేరలేదు. ఆవిడ నడిపిస్తున్నారు."

సభాపతి గారు ఆ మాటనే రూలింగుగా ఇచ్చారు. ఆకలి వేళ కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

నూకరాజు లేచాడు. రెండో చేత్తో కాగితం తీశాడు. "అధ్యక్షా, ఎర్రగెడ్డ మీద వంతెనకు రెండువైపులా దారి ఎప్పటికి వేస్తారో గౌరవ మంత్రివర్యులు తెలియజేస్తారా?" అన్నాడు. ఆ ఒక్క వాక్యం సభలో అనడానికి అతనికి ఎన్నికైనప్పటి నుంచి అన్నాళ్ళు పట్టింది.

రోడ్ల మంత్రి లేచారు. "అధ్యక్షా, విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది."

పైడితల్లి కదల్లేదు.

"చురుకైన పరిశీలనలో ఉన్నది."

కదల్లేదు.

"యుద్ధ ప్రాతిపదికన చురుకైన పరిశీలన జరుపవలసిందిగా అధికారులను ఇదివరకే ఆదేశించి ఉన్నాము."

"ఇది జవాబేనా బాబూ?" అని ఆమె సభాపతి గారిని అడిగింది. ఆ ప్రశ్న ఆ సభలో ఎన్నో ఏళ్ళుగా ఎవరూ అడగలేదు. సభాపతి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

మంత్రిగారు పులిహోర వాసన వస్తున్న వైపు ఒకసారి, సభా నాయకుడి వైపు ఒకసారి చూశారు. సభా నాయకుడు గడియారం చూసుకుంటున్నారు. "సరే అధ్యక్షా. వానలు పడే లోపల దారి వేయిస్తాను. ఇది సభలో నా హామీ."

"మమ్మల్ని గుమ్మం కాడ అడిగినట్టు ఈయన గురించి కూడా అడిగించండి," అంది పైడితల్లి.

వీరభద్రం చాలా రోజులుగా అదే ప్రశ్న అడుగుతున్నాడు. ఎవరి అనుమతి కోసమూ చూడకుండా ఆ పెద్ద గొంతుతో అడిగేశాడు. "ఈ సభ్యుడు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటారా?"

గ్యాలరీలో కునుకు తీస్తున్న మంత్రిగారి భార్య ఉలిక్కిపడి లేచి, "నిలబెట్టుకోరు" అంది. ఆవిడది రోజూ అదే జవాబు. పక్కన ఉన్న మంత్రిగారి అన్నయ్య, "నిలబెట్టుకుంటాడు" అన్నాడు. అతనిదీ రోజూ అదే జవాబు. ఇద్దరూ తలో మాటా అన్నారు. సంప్రదాయం ప్రకారం ఆ హామీ సభ లోపలికి వచ్చేసినట్టే. సభంతా నవ్వింది, రెండు పక్షాలూ నవ్వాయి. మంత్రిగారు మాత్రం ఎర్రబడి, కార్యదర్శిని అక్కడికక్కడే పిలిచి, సాయంత్రంలోగా ఉత్తర్వు వెళ్ళాలని గట్టిగా చెప్పారు.

పైడితల్లి చెయ్యి వదిలింది. నూకరాజు ముంజేతి మీద ఆమె వేళ్ళ గుర్తులు పడ్డాయి. ఆమె బయటికి వస్తూ నాకు దణ్ణం పెట్టింది. నేను అటువైపు చూడలేదు, ఎవరైనా గమనిస్తే నాకు బదిలీ అవుతుంది.

ఆ రాత్రి నియమావళి సంఘం అత్యవసరంగా కూర్చుని ఆ నియమాన్ని రద్దు చేసింది. కుటుంబ వ్యవస్థ పవిత్రతను కాపాడేందుకు అన్నారు. అందరికంటే గట్టిగా మాట్లాడింది ప్రతిపక్ష నాయకుడు. రాజ్యాంగబద్ధమైన ప్రతిపక్షం ఉండగా ఆ పాత్రను ఇళ్ళల్లోవాళ్ళు ఆక్రమించడం ప్రమాదకరమైన పోకడ అధ్యక్షా, అన్నారు. రద్దు కూడా ఏకగ్రీవమే. సభాపతి గారు ఇంటికి వెళ్ళి ఆ సంగతి ఎలా చెప్పారో నాకు తెలియదు. వారం రోజులు పొద్దున్న పూట క్యాంటీన్ ఇడ్లీ తెప్పించుకున్నారు.

వానలు వచ్చేలోపల ఎర్రగెడ్డ వంతెనకు ఒకవైపు దారి పడింది. నూకరాజు ఊరి వైపు. అవతలి వైపు డివిజన్ వేరట, ఆ ఫైలు వేరట, అది పరిశీలనలో ఉందట. పైడితల్లి తల్లి ఉన్నది ఆ అవతలి వైపునే.

వానాకాలం సమావేశాలు మొదలైనప్పుడు సభ్యులు మునుపటిలాగే ఎవరికి వారు, ఎవరి వీలును బట్టి వారు రావడం మొదలుపెట్టారు. మొదటి రోజు గంట మోగేసరికి సభలో పట్టుమని పదిమంది లేరు. వాళ్ళలో నూకరాజు ఒకడు. ఎవరూ నడిపించలేదు, ఒంటరిగానే వచ్చి కూర్చున్నాడు. రెండోవైపు దారి గురించి అతను వేసిన ప్రశ్న జాబితాలో మూడోది. రెండో ప్రశ్న నడుస్తుండగా విప్ గారు వచ్చి అతని భుజమ్మీద చెయ్యి వేశారు. నేను జాబితాలు పంచుతూ పక్కనే ఉన్నాను.

"కాఫీ తాగుదాం రా."

"వద్దండి."

"ఇంకా ఏం భయమయ్యా? ఆ నియమం రద్దయిపోయింది కదా."

సభాపతి గారు మూడో నంబరు పిలిచారు. నూకరాజు కాగితం పట్టుకుని లేస్తూ, విప్ గారి చెయ్యిని నెమ్మదిగా భుజమ్మీంచి తీశాడు.

"ఇక్కడ రద్దయిందండి," అన్నాడు. "ఇంటికాడ అవనేదు."